బస్సు బాడుగ నేర్పిన గ్రాఫు
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పై ఏండ్లకు పైగా గుమాస్తా పని చేసినవాణ్ణి. కూడికలు, తీసివేతలు దాటి లెక్కల జోలికి పోలేదు. అలాంటివాణ్ణి ఈరోజు గ్రాఫుల గురించి మాట్లాడుతున్నానంటే కారణం, నిరుటి లేపాక్షి యాత్రలో నేను చేసిన పొరపాటే.

బస్సు ధర్మవరంలో బయలుదేరి, పెనుకొండలోనూ హిందూపురంలోనూ మనవాళ్లను ఎక్కించుకుని లేపాక్షి చేరాలి. బాడుగ 12,000 రూపాయలు, భోజనం తలకు 200. మనిషికి 500 చాలునని చెప్పింది నేనే. ధర్మవరంలో 20 మంది కట్టేశారు. మిగతా రెండు ఊళ్లలో ఇంకో 20 మంది రారా అనుకున్నాను. ఆ రోజు గట్టి పెళ్లి ముహూర్తాలున్నాయని పంచాంగం చూసుకోలేదు. నలుగురే ఎక్కారు! దారిలో తలకు ఇంకో 200 అడగవలసి వచ్చింది. కుటుంబ పెన్షనుతో బతికే ఒక పెద్దమ్మ కొంగుముడి విప్పి పది, ఇరవై నోట్లు లెక్కపెట్టింది. ఆ తర్వాత లేపాక్షి బసవన్న ముందు నిలబడినా నాకు మనసు నిలవలేదు.

ఇంటర్ చదివే మనవరాలితో చెబితే, “తాతా, ఇది మా అకరణీయ ప్రమేయమే” అంది. లవంలోనూ హారంలోనూ బహుపది ఉండే భిన్నమట. 20 మంది కాక అదనంగా వచ్చేవారిని అడ్డంగా ఎక్స్ అక్షం మీద, తలకు మిగులును నిలువుగా వై అక్షం మీద పెట్టి గీసింది. భోజనం పోను ఒక్కొక్కరి దగ్గర 300 మిగులుతుంది. ఆ మొత్తంలోంచి బాడుగ తీసేసి, మందితో భాగించాలి. అంతా సర్దితే పైన 300 ఎక్స్ − 6000, కింద ఎక్స్ + 20.

గీత నిలువు అక్షాన్ని −300 దగ్గర ఖండించింది. అది వై అంతరఖండం. కొత్తగా ఎవరూ రాకుంటే తలకు 300 నష్టమన్నమాట. అక్కడినుంచి పైకెక్కి అడ్డ అక్షాన్ని 20 దగ్గర ఖండించింది. అది ఎక్స్ అంతరఖండం, లాభనష్టాలు రెండూ లేని చోటు. మనం ఆగిపోయింది 4 దగ్గర, −200 లోతులో. పెద్దమ్మ ఇచ్చిన రెండువందలు అక్కడ చుక్కై కనబడ్డాయి.

20 దాటాక గీత పైకి పోతూనే ఉంటుంది గాని, 300 ఎత్తున గీసిన చుక్కల గీతను అందుకోదు. ఎంతమంది పంచుకున్నా బాడుగ తలకు ఎంతో కొంత పడుతుంది కదా! ఆ చుక్కల గీతే అనంత స్పర్శరేఖ. నిలువుది ఇంకొకటి ఎడమన −20 దగ్గర ఉంది. అక్కడ హారం సున్నా, అంటే బస్సులో ఒక్కరూ లేరు. దాని దగ్గరికి పోయేకొద్దీ గీత పాతాళానికి జారిపోతుంది. దానికి అవతల గీతకు ఇంకో ముక్క ఉంది గాని, మైనస్ మనుషులు బస్సెక్కరు కాబట్టి మనకు దానితో పని లేదు.

పరీక్షల్లో సూత్రం ఇవ్వకుండా గ్రాఫు మాత్రమే ఇచ్చి అడగడమూ ఉందట. అప్పుడు వెనక్కి నడవాలి. ఎక్స్ అంతరఖండం లవాన్ని, నిలువు స్పర్శరేఖ హారాన్ని, అడ్డ స్పర్శరేఖ ముందుండే 300ను పట్టిస్తాయి. సరిచూసుకోవడానికి వై అంతరఖండం ఉండనే ఉంది. ఒక్క జాగ్రత్త. నిలువు స్పర్శరేఖను గీత ఎన్నడూ దాటదు. అడ్డ స్పర్శరేఖను మాత్రం కొన్ని ప్రమేయాల గీతలు మధ్యలో దాటుతాయి. మా పిల్ల మార్కులు పోగొట్టుకున్నది అక్కడే.

పెద్దమ్మకు ఆ రెండువందలు తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. “వచ్చేసారి టిక్కెట్టులో తగ్గించు నాయనా” అంది. పేర్లు ఇచ్చేవారు డబ్బుతోనే ఇవ్వండి. 40 మంది కట్టాకే బస్సు మాట్లాడతాను. ఈసారి పంచాంగం కూడా చూశాను.