ఇంటి తల్లికి దక్కవలసిన పాలు

(పాల ఉత్పత్తిదారుల సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చూడి గేదె ఈనడానికి రెండు నెలల ముందే పాలు పితకడం మానాలని ఇక్కడ కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆ రెండు నెలలూ దాణా పెంచుతాం. పాల డబ్బు ఆగిందని బాధపడం. ముందు ముందు మంచి దూడ, మంచి పాడి దక్కుతాయని మన నమ్మకం.

మరి ఆ గేదెకు గడ్డి కోసి తెచ్చే కోడలు గర్భవతి అయితే? నెలలు నిండేవరకు మోపులు ఆమె నెత్తినే ఉంటాయి. పాలన్నీ కేంద్రానికి పోస్తాం. ఆమెకు టీనీళ్ళు మిగులుతాయి. ఈ లెక్క సరిచేసుకుందామని చెప్పడానికే మీ ముందు నిలబడ్డాను.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలోని గర్భిణులలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. రక్తం తక్కువైన తల్లి కాన్పులో రక్తస్రావాన్ని తట్టుకోలేదు. బిడ్డ నెలలు నిండకుండా గాని, రెండున్నర కిలోలకు తక్కువ బరువుతో గాని పుట్టే ప్రమాదం ఎక్కువ. అటువంటి బిడ్డకు ఒళ్ళు త్వరగా చల్లబడుతుంది, జబ్బులు సులువుగా సోకుతాయి.

నీళ్ళోసుకున్నదని తెలియగానే, మూడు నెలలలోపు, ఆరోగ్య కార్యకర్త వద్ద పేరు రాయించండి. కాన్పులోగా కనీసం 4 సార్లు పరీక్ష జరగాలి. బరువు, రక్తం, మూత్రం, రక్తపోటు చూస్తారు. రక్తపోటు పైకి కనిపించే జబ్బు కాదు. కనిపెట్టకపోతే గుర్రపువాతానికి దారితీసి తల్లీబిడ్డల ప్రాణాలకే ముప్పు తేవచ్చు. ముఖం, చేతులు వాచినా, తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా, రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

నాలుగో నెల నుంచి రోజుకొక ఇనుము మాత్ర చొప్పున 180 రోజులు మింగాలి. మాత్రలు మింగితే బిడ్డ నల్లగా పుడుతుందన్నది వట్టి మాట. మాత్రను మంచినీళ్ళతోనే వేసుకోవాలి. పాలతో, టీతో మింగితే ఒంటికి పట్టదు. పాలు వేరే వేళ తాగాలి.

పాడి ఇళ్ళలో మరొక జాగ్రత్త ఉంది. పశువు ఈసుకుపోయినప్పుడు ఆ పిండాన్ని, మాయను గర్భిణి తాకరాదు. బ్రుసెల్లా రోగం మనిషికీ సోకుతుంది, గర్భం పోయే ప్రమాదం ఉంది. అందుకే పచ్చిపాలు తాగరాదు, కాచినవే తాగాలి.

దూడ పుట్టగానే ముర్రుపాలు తాగిస్తాం. మన బిడ్డ దగ్గరకు వచ్చేసరికి అవి పనికిరావని పిండి పారబోసి, తేనె నాకించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. పుట్టిన గంటలోపు బిడ్డకు తల్లి ముర్రుపాలే పట్టాలి.

చివరిగా ఒక్క కోరిక. ఇంట్లో గర్భిణి ఉంటే, కేంద్రానికి బయలుదేరే ముందు ఆమెకు రోజుకు అర లీటరు పాలు పక్కన పెట్టండి. గడ్డిమోపు మగవారు ఎత్తుకోండి. ఆ అర లీటరు ఏమైందని సంఘం అడగదు. ఇంటి యజమానులు, అత్తగార్లు ఈ మాట మనసున పెట్టుకోవాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.