గేటు దాకా గిగాబిట్, మరి హాస్టల్ గది దాకా?

ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకునేది మీ కాలేజీ వైఫై గురించి. నవ్వకండి, సీరియస్ విషయమే. మీ క్రెడిట్లు, పరీక్షలు, ప్రాజెక్టులు ఇప్పుడు ఆ వైర్ల మీదే నడుస్తున్నాయి.

విజయవాడ వాళ్లకి బాగా తెలిసిన సంగతితో మొదలుపెడదాం. ప్రకాశం బ్యారేజీ దగ్గర బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ నిండుగా పారుతుంటే ఇంక లోటేముంది అనిపిస్తుంది. కానీ నాగాయలంక వైపో, కృత్తివెన్ను వైపో శివారు రైతుని అడిగి చూడండి. కాలువలో పూడిక పేరుకుపోతే, చేలోకి వెళ్లే బోదె పాడైతే, బ్యారేజీలో ఎన్ని నీళ్లున్నా ఆయన చేను తడవదు. క్యాంపస్ నెట్‌వర్క్ సంగతి కూడా అచ్చం ఇంతే.

పెద్ద కాలువ మన దేశం ఎప్పుడో తవ్వింది. 2010 మార్చిలో కేంద్ర కేబినెట్ నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్‌కి ఆమోదం తెలిపింది. 5,990 కోట్ల రూపాయల ప్రాజెక్టు. ఎన్‌ఐసీ నడిపిస్తుంది. ఐఐటీలు, యూనివర్సిటీలు, పరిశోధన సంస్థలు కలిపి 1,500కి పైగా దీనికి కనెక్ట్ అయ్యాయి.

మరి హాస్టల్ మూడో అంతస్తులో చివరి గదిలో ఆ చక్రం ఎందుకు తిరుగుతూనే ఉంటుంది? లెక్క చూద్దాం. క్యాంపస్ గేటు దాకా 1 గిగాబిట్ లింకు వచ్చిందనుకోండి. అంటే 1,000 ఎంబీపీఎస్. కానీ హాస్టల్ బిల్డింగ్‌కి వెళ్లే దారిలో పాత 100 ఎంబీపీఎస్ స్విచ్ ఉంది. ఇంకేముంది, గేటు దగ్గర ఎంత ఉన్నా ఆ బిల్డింగ్‌కి అందేది పదో వంతే. రాత్రి తొమ్మిదింటికి 200 మంది ఒకేసారి వీడియో పెడితే తలా అర ఎంబీపీఎస్. మన బోదెలో పూడిక అదే!

రెండోది, గాలిలో రద్దీ. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డురాని వైఫై ఛానెళ్లు మూడే. గదికో హాట్‌స్పాట్ ఆన్ చేస్తే అందరి సిగ్నల్ అందరికీ అడ్డం. వైఫై 6 పరికరాలు ఒకేసారి ఎక్కువ ఫోన్లకి డేటా పంచగలవు. కానీ వాటి వెనక పాత కేబులే ఉంటే ఏం లాభం?

మూడోది, కరెంటు, వాన. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్ నగర్ ఎలా మునిగిందో చూశాం కదా. డెల్టాలో సర్వర్ రూమ్ కింది అంతస్తులో పెట్టడం, స్విచ్‌లకి యూపీఎస్ లేకపోవడం అంటే ప్రమాదాన్ని పిలిచి కూర్చోబెట్టుకోవడమే.

"అన్నా, 5జీ ఉందిగా, కాలేజీ వైఫై ఎందుకు?" అంటారు కొందరు. రోజువారీ డేటా అయిపోయాక ఏం చేస్తారు? రీచార్జ్ చేయించుకోలేని వాళ్లు ఏం చేస్తారు? స్వయం కోర్సులతో సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా చదవొచ్చని యూజీసీ 2021లోనే రూల్ తెచ్చింది. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద ప్రభుత్వ విద్యాసంస్థలకి 13,000 జర్నళ్లు అందుబాటులోకి వచ్చాయి. మచిలీపట్నం కృష్ణా యూనివర్సిటీలో చదివే అమ్మాయికి ఐఐటీ విద్యార్థి చదివే పేపరే అందాలన్నది దాని ఉద్దేశం. దేశం డబ్బు కట్టేసింది. లైబ్రరీలో పేజీ తెరుచుకోకపోతే ఆ డబ్బు ఎవరికి ఉపయోగం? సొంత డేటా ఉన్నవాళ్లు ముందుకెళ్తారు, లేనివాళ్లు అక్కడే ఆగిపోతారు.

నూజివీడు ట్రిపుల్ ఐటీ గుర్తుందా? 2008లో మొదలైంది. పల్లెటూరి పిల్లల చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చి, కంప్యూటర్ మీదే పాఠాలు చెప్పే పద్ధతితో వచ్చింది. అలాంటి చోట నెట్‌వర్క్ ఆగితే క్లాసు ఆగినట్టే. ఇప్పుడు ప్రతి కాలేజీ పరిస్థితీ అటే వెళ్తోంది.

మరి బాగు ఎందుకు చెయ్యరు? కొత్త లింకు వస్తే రిబ్బన్ కట్ చేస్తారు. పాత స్విచ్ మారిస్తే ఎవరూ ఫోటో దిగరు! అందుకే డబ్బంతా బయటి లింకుకే పోతుంది, లోపలి పని ఏటా వాయిదా పడుతుంది.

మీరు చెయ్యగలిగింది ఒకటుంది. "సార్, వైఫై రావట్లేదు" అంటే ఎవరూ పట్టించుకోరు. ఫ్రెండ్స్ నలుగురు కలిసి ఒక వారం రోజులు లైబ్రరీ, ల్యాబ్, హాస్టల్‌లో ఒకే టైమ్‌కి స్పీడ్ టెస్ట్ చెయ్యండి. పట్టిక రాయండి. ల్యాబ్‌లో బాగా వచ్చి హాస్టల్‌లో రాకపోతే, సమస్య బయటి లింకులో ఉండే అవకాశం తక్కువ, లోపలే ఉంది. ఆ కాగితం పట్టుకెళ్లి మూడు ప్రశ్నలు అడగండి. మా బిల్డింగ్‌కి ఫైబర్ ఉందా? స్విచ్ ఎన్నేళ్లది? ఒక్కో యాక్సెస్ పాయింట్ మీద ఎంతమంది ఉన్నారు? అంకెలు ముందు పెడితే జవాబు చెప్పక తప్పదు.

డిజిటల్ ఇండియా అనే కాలువ నిండుగానే ఉంది. శివారు గది దాకా నీళ్లు రావాలంటే పూడిక తియ్యాలి. పూడిక ఎక్కడుందో చూపించాల్సింది అక్కడ ఉండేవాళ్లే, అంటే మీరే.