పిల్లల శాస్త్రాభ్యాసమున ఇంటి వాటా
(ఎలవూరు సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పిల్లల చదువును గురించి నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు నన్ను కోరినారు. చదువు అన్నంతనే మన ఇండ్లలో తల్లులును అవ్వలును ఒక అడుగు వెనుకకు వేయుట నేను తరచు చూచుచున్నాను. “మాకు మాటలాడు తమిళము వచ్చును గాని పుస్తకముల తమిళము రాదు, ఆంగ్లము అసలే రాదు. మేమేమి నేర్పగలము?” అని వారందురు. 2006లో తమిళ బోధన చట్టము వచ్చిన పిదప తమిళము తరగతి తరగతిగా నిర్బంధ పాఠ్యమైన సంగతి మీరెరుగుదురు. ఇంట తెలుగు, బడిలో తమిళము, పుస్తకములలో కొంత ఆంగ్లము: ఈ మూటి నడుమ మన బిడ్డ నడచుచున్నాడు. ఇందులో ఇంటికి వాటా లేదనుట సరికాదని నా మనవి. చూచిన దానిని సరిగా చూచుట, ఆకారములను పోల్చుట, కారణమడుగుట, ఇవి ఏ భాషలోనైనను నేర్పదగినవి. బిడ్డ “ఎందుకు?” అని ఏ భాషలో అడుగునో ఆ భాషలోనే చెప్పినచో మరింత నిలుచును.

ఇది ఊరక చెప్పు మాట కాదు. ఎనిమిదవ తరగతి పిల్లలకు ఎన్.ఎమ్.ఎమ్.ఎస్. అను జాతీయ ఉపకార వేతన పరీక్ష కలదు. 2008లో మొదలైనది. ప్రభుత్వ, ప్రభుత్వ సహాయక, స్థానిక సంస్థల బడులలో చదువుచు, తలిదండ్రుల వార్షికాదాయము 3,50,000 రూపాయలకు మించని పిల్లలకది. నెగ్గిన బిడ్డకు తొమ్మిది మొదలు పండ్రెండవ తరగతి వరకు ఏటికి 12,000 రూపాయల చొప్పున, అనగా నాలుగేండ్లకు 48,000 రూపాయలు లభించును. పరీక్షలో రెండు పత్రములు. ఒక్కొక్కదాని యందు 90 ప్రశ్నలు. ఒకటి శాస్త్రము, సాంఘికము, గణితములకు సంబంధించినది. రెండవది మానసిక సామర్థ్యమునకు సంబంధించినది: వరుసలో తరువాత వచ్చు బొమ్మ ఏది, గుంపులో చేరనిది ఏది, పెద్ద బొమ్మలో దాగిన చిన్న ఆకారమేది అను తీరు ప్రశ్నలు ఇందులో వచ్చును. మొత్తము మార్కులలో సగము దీనివే. దీనికి బడిలో ప్రత్యేకముగా పాఠ్యపుస్తకము లేదు. కనుకనే ఇంటి పని ఇచ్చట మొదలగుచున్నది.

మాటలు లేని ప్రశ్నలు పుట్టినదే భాష అడ్డుపడకుండుటకు. 1917లో అమెరికా సైన్యము చదువురాని వారికిని ఆంగ్లము తెలియని వారికిని బొమ్మలతోను సైగలతోను ఒక పరీక్ష పెట్టినది. అందులో వల లేని టెన్నిసు మైదానపు బొమ్మనిచ్చి, లోపించినదేమో గీయుమన్నారు. టెన్నిసు ఎన్నడును చూడని వలసదారు ఏమి గీయగలడు? పిదప 1938లో ఇంగ్లండున రేవెన్ అను ఆయన వస్తువుల బొమ్మలను విడిచి, వట్టి గీతలతోను ఆకారములతోను ప్రశ్నలు వెలువరించినాడు. భాష లేని ప్రశ్న అనగా అలవాటు అక్కరలేని ప్రశ్న కాదని దీనివలన గ్రహింపదగును. అట్టి బొమ్మలను ముందెన్నడును చూడని బిడ్డ తెలివి కలవాడైనను తడబడును.

అయితే ఆ అలవాటు మన వాకిట తెల్లవారకమునుపే జరుగుచున్నది. ముగ్గును మించిన ఆకార తర్కము నాకు కనబడదు. నడుమ 5 చుక్కలు పెట్టి, ఇరువైపుల సందు చుక్కగా 4, 3, 2, 1 వరకు పెట్టుడు. మొత్తమెన్ని అని బిడ్డనడుగుడు. 25 వచ్చును. నడుమ 7 పెట్టి ఒకటి వరకు దించిన 49. ఐదైదులు, ఏడేడులు ఎందుకు వచ్చినవో వెంటనే చెప్పవలదు. బిడ్డ ముగ్గు చుట్టును తిరిగి, మూలనుండి చూచినపుడు అది ఒరిగియున్న చతురస్రమని తానే కనుగొనును. ఇక మెలికల ముగ్గులో నాలుగవ వంతు మీరు వేసి, తక్కినది బిడ్డచేత పూర్తి చేయించుడు. గీత ఎచ్చట మొదలై ఎచ్చటికి చేరునో వేయకముందే వ్రేలితో చూపుమనుడు. ముగ్గు ఆడపిల్లల పని అని మగపిల్లలను తప్పించుట నాకు సమ్మతము కాదు. పరీక్షలో ఇద్దరికిని ఒకటే పత్రము. తాంబరమునందలి మద్రాసు క్రైస్తవ కళాశాలలో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి దంపతులు 1970 దశకములో తమ సహచరులతో గూడి ఈ ముగ్గులనే గణిత పరిశోధనకు వస్తువుగా గైకొన్నారు. మన అవ్వల చేతివ్రేళ్ళలోనున్న వ్యాకరణమును వారు కాగితముపై పెట్టిరి.

బొమ్మల ప్రశ్నలలో పిల్లలు ఎక్కువగా పొరబడునది తిప్పుటకును తిరుగవేయుటకును గల భేదమున. వంటయింట ఇది క్షణములో తేలును. పెనముపై అట్టును గుండ్రముగా తిప్పుట వేరు, తిరుగవేయుట వేరు. ఎడమకాలి చెప్పును ఎన్ని విధముల తిప్పినను కుడికాలి చెప్పు కాదు. కాని దాని అచ్చును కాగితముపై తీసి కత్తిరించి, ఆ కాగితమును తిరుగవేసినచో కుడికాలి ఆకారము వచ్చును. అద్దములోని ప్రతిబింబపు ప్రశ్నలన్నిటికిని ఇదే మూలము. పేరు వ్రాసి, అద్దమును ప్రక్కనొకసారి, క్రిందనొకసారి నిలిపి చూపినచో చాలును. సబ్బు పెట్టెను విప్పి పరచి, ఏ ముఖమునకు ఏది ఎదురగునో మరల మడవకముందే చెప్పించుట మరియొకటి. వామనగుంటలలో గింజలు తీయకమునుపే చివరి గింజ ఏ గుంటలో పడునో అడుగుట ఇంకొకటి. పులి–మేక, దాడి సరేసరి.

బిడ్డ సరియైన జవాబు చెప్పినపుడు మనము ఊరకుందుము. అప్పుడే అడుగవలెను: “తక్కిన మూడును ఎందుకు కావు?” అని. అంగడిలో దొరకు గైడు పుస్తకములు జవాబులను వెనుకపుటలో ఇచ్చును గాని ఈ ప్రశ్నను అడుగవు.

శాస్త్రమునకు మన పెరడు చాలును. నాలుగడుగుల గడను నేలలో నాటి, రాయి కట్టిన దారముతో నిట్టనిలువుగా సరిచూచి, మధ్యాహ్నము పండ్రెండు దాటిన కొన్ని నిమిషములకు దాని నీడను వారమున కొకసారి కొలిపించుడు. డిశంబరు 21 ప్రాంతమున నీడ ఉత్తరముగా ఇంచుమించు మూడడుగులుండును. అచ్చటినుండి తగ్గుచు వచ్చి, ఏప్రిల్ చివరి వారమున ఒకనాడు పూర్తిగా మాయమగును. ఎలవూరు భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు పదమూడున్నర డిగ్రీలలో నుండుటయే కారణము. ఆనాడు సూర్యుడు మన నడినెత్తిన నుండును. పిదప జరుగునది పెద్దలను సైతము ఆశ్చర్యపరచును. నీడ దక్షిణమునకు మరలును. జూన్ 21 నాటికి ఎనిమిది అంగుళములు దక్షిణముగా పడి, ఆగష్టు నడుమ మరల మాయమై ఉత్తరమునకు చేరును. మధ్యాహ్నపు నీడ ఎప్పుడును ఉత్తరముననే యుండునని చెప్పు బిడ్డకు దీనిని కంటితో చూపవచ్చును. సంక్రాంతినాడు ఉత్తరాయణమను మాట చెప్పు తాతగారికి ఈ పాఠము చెప్పుటకు ఏ పుస్తకమును అక్కరలేదు.

పులికాటు సరస్సు, మన పెద్దలు ప్రళయకావేరి యన్నది, మనకు తూర్పుననే యున్నది. మే నెలలో ఒక గిన్నెడు, కార్తిక వర్షముల పిదప అంతే గిన్నెడు నీరు తెచ్చి ఎండబెట్టినచో మిగిలిన ఉప్పులో భేదము కనబడును. మట్టికుండ నీరు ఎందుకు చల్లబడునో, మెరుపునకును ఉరుమునకును నడుమ మూడు సెకనులకు ఒక కిలోమీటరు చొప్పున దూరము ఎట్లు లెక్కింతురో, ఇవియు అట్టివే. చూచినది తెలుగులో చెప్పించి, తేదీతో ఒక నోటుపుస్తకమున వ్రాయింపుడు. బడిలో దానికి తమిళమందు ఏ పేరున్నదో ఆ ప్రక్కనే బిడ్డ వ్రాసికొనును. నీడ ఒకటే గనుక రెండు పేర్లును కలియును.

ఏడవ తరగతి పిల్లలున్నవారు ప్రధానోపాధ్యాయుని ఇప్పుడే కలిసి దరఖాస్తు సంగతి విచారించి, వీలైనచో గడచిన సంవత్సరముల ప్రశ్నపత్రములను అడిగి తెచ్చుకొనుడు. బొమ్మల ప్రశ్నలను మాత్రము చింపి వేరు చేసి, దినమునకు ఐదు చొప్పున రాత్రి భోజనమైన పిదప ఇంటిల్లిపాదియు కూర్చుండి చేయవచ్చును. అవ్వను తప్పక పిలువుడు.