గోండీ నిలుస్తుందా? లెక్క వేసి చూద్దాం

బోరబండ ఎంఎంటీఎస్ స్టేషన్‌లో ఓ పది నిమిషాలు కూర్చోండి. తెలుగు, ఉర్దూ, హిందీ అన్నీ చెవిన పడతాయి. అక్కడే ఆదిలాబాద్ నుంచి వచ్చిన గోండు కుర్రాడు ఉన్నాడనుకోండి, ఇంటికి ఫోన్ చేస్తే తప్ప అతని నోట గోండీ రాదు. ఎందుకు? సిగ్గా? కొంత అదే. కానీ దీనికో లెక్క కూడా ఉంది.

2003లో అబ్రామ్స్, స్ట్రోగాట్జ్ అనే ఇద్దరు నేచర్ పత్రికలో ఒక సమీకరణం ఇచ్చారు. జనం ఒక భాష వదిలి ఇంకో భాషకి మారే వేగం రెండు విషయాలను బట్టి ఉంటుందన్నారు. అటువైపు ఎంతమంది ఉన్నారు? ఆ భాషకి హోదా ఎంత? హోదా అంటే ఉద్యోగం, బడి, ఆఫీసు, అన్నీ. వెల్ష్, కెచువా భాషలు తగ్గిన తీరుకి ఇది బాగానే సరిపోయింది. ఫలితమే భయం పుట్టిస్తుంది: ఎన్నాళ్లు పట్టినా చివరికి మిగిలేది ఒక్కటే.

అయితే ఆ లెక్కలో రెండు భాషలూ వచ్చినవాళ్లకి చోటే లేదు! అంటే మన హైదరాబాద్‌లో చాలామంది అసలు లేనట్టే.

2005లో మీరా, పరేదెస్ అనేవాళ్లు ఆ రెండు భాషలవాళ్లనీ చేర్చారు. భాషల మధ్య పోలిక ఎంతో చెప్పే అంకె కూడా పెట్టారు. గలీషియన్, స్పానిష్‌ల మీద చూస్తే, పోలిక బాగా ఉంటే రెండూ కలిసి బతకొచ్చని తేలింది. జార్జియా దేశంలో జార్జియన్, మెగ్రేలియన్, స్వాన్ లాంటి అక్కచెల్లెళ్ల భాషల మీదా గణితవేత్తలు ఇలాంటి నమూనాలే కట్టారు.

మరి మన సంగతి? గోండీలో రండ్, ముండ్, నాలుంగ్ అంటారు. అర్థం చెప్పాలా? నీళ్లని యేర్ అంటారు, మన ఏరు గుర్తొస్తుంది. ఒకే ద్రావిడ తల్లి పిల్లలం. పోలిక ఉంది కాబట్టి దారి ఉంది. కానీ హోదా మరీ పడిపోతే ఆ పోలిక కూడా కాపాడలేదు, అదీ అదే లెక్క చెప్తుంది. 2011 జనాభా లెక్కల్లో తెలుగువాళ్లు 8 కోట్ల పైన, గోండీవాళ్లు దేశమంతా కలిపి 30 లక్షలకి కాస్త తక్కువ. ఈ తేడా రేపటికి మారేది కాదు. మన చేతిలో ఉన్నది హోదా ఒక్కటే.

అది ఎలా పెరుగుతుంది? 1940ల్లో, నిజాం కాలంలో, హైమెండార్ఫ్ చొరవతో మార్లవాయిలో గోండీలో చదువు మొదలైంది. గోండు యువకులే పంతుళ్లయ్యారు. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లోకి వచ్చింది, అంటే ఫోన్‌లో టైప్ చేసే దారి పడింది. మీలో గోండీ వచ్చినవాళ్లు ఉంటే, అమ్మమ్మతో ఒకటి నుంచి పది దాకా చెప్పించి రికార్డ్ చేయండి. ఊరూరికీ ఎంత తేడా ఉందో వచ్చే ఎపిసోడ్‌లో కలిసి చూద్దాం.