ఆరు కార్డుల కంప్యూటరు మేల్కొననప్పుడు

మోత్కూరు ప్రాంతమున బోరు మోటారు ఆగినచో అనుభవము గల రైతు దానిని వెంటనే పైకి లాగించడు. మొదట ఫ్యూజును, స్టార్టరును చూచును. క్రిప్టో నాణెముల కొరకు ఆరేడు గ్రాఫిక్స్ కార్డులు తగిలించిన కంప్యూటరు మేల్కొననప్పుడును అదే వరుస మేలు. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం ఈ మైనింగు పద్ధతిని విడిచిన పిదప ఇట్టి కార్డులు పాత సరకుగా విరివిగా అమ్మకమునకు వచ్చినవి. కొన్నవారు తెర వెలుగలేదని కార్డును నిందింతురు. అది తొందరపాటు.

కరెంటు తీసివేసి, కార్డులన్నిటిని విప్పి, ఒక్కదానిని నేరుగా మదర్‌బోర్డులో అమర్చి, తెరను దానికే కలిపి చూడవలెను. వెలుగనిచో రామ్ పలకను మార్చి, బిళ్ల బ్యాటరీని కొంతసేపు తీసి, బయాస్ అమరికలను చెరిపివేయవలెను. వెలిగినచో దోషము మిగిలిన కార్డులలో గాని, వాటి సంఖ్యలో గాని ఉన్నది. సంఖ్యయే దోషమగుట వింతగా తోచును గదా! ప్రతి కార్డును కొంత చిరునామా స్థలమును కోరును. 4 గిగాబైట్ల హద్దులో అన్నిటికిని చోటు చాలదు. బయాస్‌లో 'ఎబౌ 4జీ డీకోడింగ్' అను అమరికను తెరచినచో ఆ ఇరుకు తీరును. పిమ్మట కార్డులను ఒక్కొక్కటిగా చేర్చుచు, ఏది చేర్చినప్పుడు యంత్రము ఆగునో గుర్తింపవలెను.

నాకు మిక్కిలి భయము రైజర్ల విషయమున. స్లాటు ద్వారా కార్డు 75 వాట్ల వరకు లాగవచ్చును; హార్డుడిస్కులకై చేసిన సాటా ప్లగ్గు 12 వోల్టులపై 54 వాట్లకే తగినది. అది కరగి నిప్పంటుకొనవచ్చును. రైజరునకు ఆరు పిన్నుల తీగనే వాడవలెను. పిన్నులు నల్లబడిన ప్లగ్గును తుడిచి మరల పెట్టరాదు, పారవేయవలెను.