వ్యాపార సంస్థలూ యువోద్యోగులూ

దినపత్రికలలో ఉద్యోగ ప్రకటనలు చదివే అలవాటు ఉన్నవారికి ఒక వాక్యం చిరపరిచితమే. మిల్లుకు గుమాస్తా కావలెనన్నా, మందుల దుకాణానికి మనిషి కావలెనన్నా, కంప్యూటరు కంపెనీకి ఇంజనీరు కావలెనన్నా, ప్రకటన చివర “మూడేళ్ళ అనుభవం తప్పనిసరి” అని ఉంటుంది. యజమానులందరూ అనుభవం ఉన్నవారినే కోరితే ఆ మొదటి మూడేళ్ళ అనుభవం ఇచ్చే యజమాని ఎవరు? పట్టా పుచ్చుకొని రెండేళ్ళుగా ఇంటనే ఉన్న పిల్లవాణ్ణి అడిగితే ఈ ప్రశ్నలోని చేదు తెలుస్తుంది.

ఈ విషయాన్ని మనం సాధారణంగా నిరుద్యోగ సమస్యగా, అంటే యువకుల పక్షాన నిలిచి చర్చిస్తాము. నేటి ప్రసంగంలో నేను యజమాని పక్షాన, ఆయన జమాఖర్చుల పుస్తకం ఎదుట పెట్టుకొని మాట్లాడదలచాను. కొత్తవారికి పని ఇవ్వడం దానధర్మాల పద్దులో వ్రాసుకోవలసినది కాదు. అది వ్యాపారానికి లాభమే. ఆ లాభం ఎక్కడ ఉన్నదో గుర్తించడంలోనే చిక్కు ఉన్నది.

కుర్రవాడు చురుకైనవాడు, తక్కువ జీతానికి వస్తాడు, కొత్త యంత్రాలు తెలిసినవాడు అని యజమానులు చెబుతుంటారు. చురుకుదనం నిజమే గాని, నాలుగేళ్ళు గడిచి సంసారభారం మీద పడేసరికి అదీ సర్దుకొంటుంది. తక్కువ జీతం మాటను నేను లాభం కింద లెక్కకట్టను. చవకగా దొరికాడని చేర్చుకొన్నవాణ్ణి, నెలకు వెయ్యి రూపాయలు ఎక్కువ ఇచ్చే పొరుగు యజమాని అంతే సులభంగా తీసుకొనిపోతాడు. అప్పటిదాకా నేర్పిన శ్రమ గంగపాలు. ఇక యంత్రాలంటారా, అయిదేళ్ళు తిరగకుండానే యంత్రమే మారిపోయే రోజులివి.

అసలు లాభం తెలియాలంటే, కొత్తవారిని చేర్చుకోవడం తగ్గించివేసిన సంస్థలకు ఏమి జరిగినదో చూడాలి. ఇందుకు మన ఇళ్ళలో అందరికీ తెలిసిన ఉదాహరణ ప్రభుత్వరంగ బ్యాంకులు.

1969 జూలై 19న 14 పెద్ద బ్యాంకులు జాతీయమైనవి. 1980లో మరి ఆరు. ఆ ఆరింటిలో, డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు ఒకటి. 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో విలీనమై ఆ పేరు బోర్డుల మీద నుండి తొలగిపోయినది గాని, పెద్దల నోట ఇంకా పోలేదు. జాతీయం చేసిన పిమ్మట బ్యాంకులు పల్లెలకు వచ్చినవి. శాఖలు పెరిగినవి. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ పట్టభద్రులు వేలకు వేలు గుమాస్తాలుగా, అధికారులుగా చేరినారు. “మా అల్లుడు బ్యాంకులో పని చేస్తున్నాడు” అని చెప్పుకోవడం ఆ దినాలలో ఎంత గౌరవమో పెద్దలకు జ్ఞాపకముండే ఉంటుంది.

1990 తరువాత గాలి మళ్ళినది. ఆర్థిక సంస్కరణలు వచ్చినవి, కంప్యూటర్లు వచ్చినవి, మనుషులు ఎక్కువైనారన్న అభిప్రాయం బలపడినది. కొత్త నియామకాలు బాగా తగ్గిపోయినవి. 2000-2001లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం ప్రవేశపెట్టినారు. 15 ఏళ్ళ సర్వీసు గాని, 40 ఏళ్ళ వయస్సు గాని నిండినవారు పరిహారం పుచ్చుకొని వెళ్ళిపోవచ్చును. సుమారు ఒక లక్ష మంది వెళ్ళిపోయినారు. జీతాల పద్దు తగ్గినది. లెక్కల ప్రకారం అది లాభమే.

నష్టం పదేళ్ళదాకా కనిపించలేదు. 1970 దశకంలో ఒకేమారు చేరినవారంతా, 2010 దాటేసరికి ఒకేమారు అరవయ్యో పడిలోకి అడుగుపెట్టినారు. వారి వెనుక ఉండవలసిన ముప్పై అయిదు, నలభై ఏళ్ళవారు చాలినంతమంది లేరు. వారిలో కొందరిని చేర్చుకోనే లేదు, కొందరిని డబ్బిచ్చి పంపివేసినారు. 2010లో ఖండేల్వాల్ కమిటీ ఈ విషయాన్నే ప్రభుత్వ దృష్టికి తెచ్చినది. 2011 నుండి ఉమ్మడి పరీక్షల ద్వారా పెద్ద ఎత్తున నియామకాలు సాగినవి. అంతటితో ఎన్నో శాఖలలో ఒక విచిత్రమైన దృశ్యం ఏర్పడినది. లోపలి గదిలో ఏడాదిలో విరమించబోయే మేనేజరు. బయటి బల్లల దగ్గర ఇరవై అయిదేళ్ళ ఆఫీసర్లు. నడుమ మెట్టు లేదు.

ఆ నడుమ మెట్టు చేసే పని ఏమిటి? అప్పు కోరి వచ్చిన మనిషిని అంచనా వేయడం తీసుకోండి. కాగితాలు సరిగా ఉన్నవో లేదో చూడడం పుస్తకంలో ఉన్నది. గోదాములో బస్తాలు చూపిస్తున్న వర్తకుని మాటలో నమ్మదగినదెంత, వాన తప్పిన ఏడాది రైతు గడువు కోరితే అది నిజమైన కష్టమా, సాకా అన్నవి పుస్తకంలో లేవు. పక్కన కూర్చొని, వెంట నడిచి, నాలుగైదేళ్ళలో పట్టుబడే విద్య అది. నేర్పేవాడూ నేర్చేవాడూ ఒకే కప్పు కింద కొన్నేళ్ళు కలిసి ఉంటేనే అది చేతులు మారుతుంది. అయిదారు నెలల పరిచయంతో మారదు. బ్యాంకులు తరువాత పడిన ఇక్కట్లన్నిటికీ, ముఖ్యంగా మొండి బకాయిలకు, ఇదే కారణమని నేను అనడం లేదు. వాటికి వేరే కారణాలు అనేకం. అయినా ఇరవై ఏళ్ళ పాటు ఏటేటా కొద్దిమందిని చేర్చుకొంటూ వచ్చి ఉంటే, ఆ విద్యలో చాలా భాగం పింఛనుతో పాటు ఇంటికి వెళ్ళిపోయేది కాదు.

యువకులను చేర్చుకోవడమంటే పెద్దవారిని సాగనంపడమని కొందరు యజమానులు భావిస్తారు. ఇది అపాయకరమైన పొరపాటు. పెద్దవారు లేని చోట కుర్రవాడు నేర్చుకొనేది తక్కువ, చెడగొట్టేది ఎక్కువ.

అదే బ్యాంకులలో నాణేనికి రెండవ వైపు కూడా ఉన్నది. 2014లో జన్‌ధన్ ఖాతాలు, 2016లో ఫోను ద్వారా చెల్లించే యు.పి.ఐ. పద్ధతి వచ్చినప్పుడు, ముప్పై ఏళ్ళ అనుభవం గల అధికారులు సైతం నిన్నగాక మొన్న చేరిన అమ్మాయిని పిలిచి, “ఇది ఎట్లా చేయాలో చూపించమ్మా” అని అడగవలసి వచ్చినది. అందులో చిన్నతనమేమీ లేదు. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు అధిపతిగా ఉన్న జాక్ వెల్ష్, 1999లో, సుమారు 500 మంది పై అధికారులను తమ కంటె చిన్నవారి దగ్గర ఇంటర్నెట్ నేర్చుకోమని ఆదేశించినాడు. తానూ నేర్చుకొన్నాడు. మా ఆకాశవాణి 1969లో ఢిల్లీలో యువవాణిని ప్రారంభించినప్పుడు మైకు ఎదుట యువతీయువకులనే కూర్చోబెట్టినది. వారి ఉచ్చారణ దిద్దడానికి పెద్దలకు పని కలిగినది, నిజమే. ఆ వయస్సువారు ఏమి వినగోరుతారో పెద్దలకు వారి ద్వారానే తెలిసినది కూడా.

ఆ మాట వినే ఓపిక లేకపోతే చేర్చుకొనీ ప్రయోజనం లేదు. కొడాక్ కంపెనీ సంగతి చూడండి. ఫోటో ఫిల్ము వ్యాపారంలో దానికి సాటి లేని రోజులలో, 1973లో, స్టీవెన్ శాసన్ అనే యువ ఇంజనీరును చేర్చుకొన్నది. 1975లో, ఇరవై అయిదేళ్ళ వయస్సులో, అతడు ఫిల్ము అక్కర లేని కెమెరాను తయారు చేసి చూపించినాడు. దాని బరువు మూడున్నర కిలోల పైమాట. ఒక బొమ్మను క్యాసెట్ టేపు మీద నమోదు చేయడానికి 23 సెకన్లు పట్టేది. పై అధికారులకు అది వింతగా తోచినదే గాని వ్యాపారంగా తోచలేదు. తమ ఫోటోలను టెలివిజను తెర మీద ఎవరు చూచుకొంటారన్నది వారి సందేహం. ఫిల్ము అమ్ముకొని బ్రతికే సంస్థకు ఫిల్ము లేని కెమెరా రుచించకపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు. 2012 జనవరిలో ఆ కంపెనీ దివాలా రక్షణ కోరుతూ న్యాయస్థానానికి వెళ్ళే నాటికి, లోకమంతా ఫిల్ము లేని కెమెరాలతోనే ఫోటోలు తీసుకొంటున్నది. సంస్థకు అలవాటుపడని కన్ను కుర్రవాని దగ్గర ఉంటుంది. అది రెండు మూడేళ్ళలో మనలాగే అలవాటుపడిపోతుంది. కనుక అతడు చేరిన మొదటి ఏడాది అడిగే ప్రశ్నలు మిక్కిలి విలువైనవి. చాలా చోట్ల “ముందు పని నేర్చుకో, ప్రశ్నలు తరువాత” అని ఆ ఏడాదినే వృథా చేస్తారు.

ఇక చిన్న యజమాని చెప్పే అభ్యంతరం: “నేను నేర్పుతాను, వాడు నేర్చుకొని పోతాడు.” పోతారు, కొందరు పోతారు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట మేస్త్రీ దగ్గర పని నేర్చినవాడు ఎదుటి వీధిలోనే సొంత షెడ్డు వేసుకోవడం కద్దు. అయితే ఒకటి గమనించండి. ఏడాదంతా నట్లు బిగించే పని తప్ప మరొకటి చూపని చోట నుండి కుర్రవాడు త్వరగా పోతాడు. బండి వచ్చినప్పటి నుండి బిల్లు కట్టేదాకా పని మొత్తం చూపించి, ఏదో ఒక చిన్న బాధ్యతను పూర్తిగా అతనికి విడిచిపెట్టిన చోట నిలుస్తాడు. నిలిచినన్నాళ్ళూ జీతానికి మించిన పని చేస్తాడు. పోయినవాడు సైతం, తన వల్ల కాని పని వచ్చినప్పుడు పాత మేస్త్రీ దగ్గరికే పంపుతాడు.

నేర్పడానికి అయ్యే ఖర్చు ఒక్కరే భరించనక్కర లేదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఇందుకే ఉన్నది. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి పనివారు గల సంస్థ, తన సిబ్బందిలో 2.5 నుండి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవలసి ఉన్నది. నలుగురు పనివారు గల చిన్న సంస్థ కూడా ఇష్టమైతే తీసుకోవచ్చును. 2016లో ఆరంభమైన ప్రోత్సాహక పథకం కింద, ఇచ్చే భృతిలో నాలుగవ వంతు, నెలకు 1500 రూపాయలకు మించకుండా, కేంద్ర ప్రభుత్వం భరిస్తుంది. కిరాణా టోకు వర్తకులు, ముద్రణాలయాలవారు, చిన్న కార్ఖానాలవారు ఈ సంగతి ఎరిగినవారు తక్కువగా కనిపిస్తున్నారు. దగ్గరలోని ప్రభుత్వ ఐ.టి.ఐ.లో విచారించినచో దరఖాస్తు చేసే విధానం తెలుపగలరు.