తాళం చెవి ఎవరి దగ్గరుంది?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏం పని చేస్తావని కోస్గిలో ఎవరైనా అడిగితే "సర్కారు కంప్యూటర్ల పని" అంటాను. దాని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు.

మనం చదువుకునేటప్పుడు సైన్సు గది తాళం చెవి అటెండర్ దగ్గర ఉండేది. ఆయన సెలవు పెడితే రెండో చెవి ఎక్కడుందో హెడ్మాస్టర్ సారుకు తెలుసు. ఎవరు తీసుకున్నా పుస్తకంలో రాసేవాళ్ళు. ప్రభుత్వంలో సాంకేతిక భద్రత అంటే సగం ఇదే.

ఉమ్మడి రాష్ట్రంలో 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసులకు 'కార్డ్' వచ్చింది. 2011లో మీసేవ, 2020లో ధరణి, 2025లో భూభారతి. ఏ శాఖ అవసరం కొద్దీ ఆ శాఖ సాఫ్ట్‌వేర్ చేయించుకుంటూ వచ్చింది. కానీ ఆదాయ సర్టిఫికెట్ ఇచ్చేది రెవెన్యూ, దాన్ని చూసి స్కాలర్‌షిప్ ఇచ్చేది సంక్షేమ శాఖ. మధ్యలో తెగితే ఎవరిది బాధ్యత? శాఖ కాంట్రాక్టరును చూపిస్తుంది, కాంట్రాక్టరు డేటా సెంటరును చూపిస్తాడు.

ఒకసారి తప్పు నాదే. ఆఫీసు పేరు చెప్పను. అడ్మిషన్ల సమయంలో సర్వరు పడిపోయింది. ప్రతి రాత్రి బ్యాకప్ తీస్తున్నామని నెలనెలా సంతకం పెట్టింది నేనే. దాన్ని తిరిగి ఎక్కించి ఒక్కసారీ చూడలేదు. తీరా చూస్తే దానికి పాస్‌వర్డ్ ఉంది, పెట్టినతను ఉద్యోగం మానేసి ఏడాదైంది. మూడు రోజులు సర్టిఫికెట్లు ఆగిపోయాయి. మన పాలమూరు పెద్దమనిషి ఒకాయన, బిడ్డ సర్టిఫికెట్ కోసం రెండో రోజు కూడా వచ్చి, "సారూ, మునుపు పట్వారీ ఉంటుండె. పైసలడిగినా మనిషి కనవడుతుండె. ఇప్పుడు ఎవల్ని అడగాలె?" అన్నాడు.

నన్నే అడగమని చెప్పలేకపోయాను. ఆ పిల్లకు సీటు వచ్చిందో లేదో ఇప్పటికీ తెలియదు.

అప్పటి నుంచి నా చేతికి వచ్చిన ప్రతి సిస్టమ్‌కు ఒక పేజీ రాయిస్తాను. జవాబుదారీ అధికారి ఎవరు, తాళాలు ఏ ఇద్దరి దగ్గరున్నాయి, బ్యాకప్ ఎక్కించి చూసిన తేదీ ఏది. మనిషి వెళ్ళిపోయిన రోజే అకౌంటు మూస్తాం. తెలంగాణకు 2016 నుంచే సైబర్ భద్రతా విధానం ఉంది. సైబర్ దాడి జరిగితే 6 గంటల్లో తెలపాలని 2022లో కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది. సర్వరు ఎవరిదో తేల్చడానికే రెండు రోజులు పడితే ఆరు గంటల్లో ఎవరు చెబుతారు?

ఇక ప్రణాళిక సంగతి. కొనడానికి బడ్జెట్ దొరుకుతుంది, ఐదేళ్ళు నడపడానికి అడిగితే ఫైలు వెనక్కి వస్తుంది. బ్యాకప్‌కు ఎవరూ రిబ్బను కత్తిరించరు కదా!

ఈ ఉదయం మన సంఘం బడికి కంప్యూటర్లు ఇచ్చింది. అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందని అడిగాను. బిగించిన పిల్లవాడు రాసుకొని పోయాడట. భోజనాలయ్యాక ఇద్దరు సార్లను కూర్చోబెట్టుకొని మార్చేస్తాను. నేర్చుకోవాలనుకునే పిల్లలు కూడా రండి.